శిశువుల మూత్ర నమూనా సేకరణ

పోయమంటే పోసే వయసు రాని పసిపిల్లల నుంచి పరీక్షకు పనికొచ్చేంత శుభ్రంగా మూత్రం పట్టడాన్ని శిశు మూత్ర నమూనా సేకరణ అంటారు. రెండేళ్లలోపు బిడ్డకు కారణం తెలియని జ్వరం వచ్చినప్పుడు, మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేల్చేది ఈ నమూనాయే.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఈ పరీక్ష మలేరియా చాటున పడిపోయే ప్రమాదం ఉంది. 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ అనే మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక రక్తపరీక్ష గడప దాకా వచ్చింది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో 2002 నుంచి పనిచేస్తున్న మితానిన్ అని పిలిచే ఆరోగ్య కార్యకర్తల దగ్గర కిట్ ఉంటే, ఒక్క రక్తపు చుక్కతో పావుగంటలో సంగతి తేలుతుంది. మలేరియా లేదని తేలితే తర్వాత అడగాల్సింది మూత్రమే. అది మాత్రం బిడ్డ పోసినప్పుడే దొరుకుతుంది.

మేలైన పద్ధతికి ఓపిక తప్ప ఖర్చు లేదు. పాలు పట్టి, మర్మాంగాలను కడిగి తుడిచి, స్టెరైల్ డబ్బాతో కాచుకుని కూర్చుని, మొదటి చుక్కలు వదిలేసి నడిమి ధార పట్టాలి. కాళ్ల మీద కూర్చోబెట్టుకుని ‘ఉస్స్’ అంటూ పోయించే తల్లులకు ఇందులో సగం పని వచ్చినట్టే. చల్లని సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డతో పొత్తికడుపు రుద్దితే 31 శాతం పిల్లలు ఐదు నిమిషాల్లో పోశారనీ, ఊరికే ఎదురుచూస్తే 12 శాతమే పోశారనీ 2017లో మెల్‌బోర్న్ పరిశోధకులు ప్రకటించారు.

అంటించే ప్లాస్టిక్ సంచి సులువే గానీ చర్మం మీది, మలంలోని సూక్ష్మజీవులు అందులో కలుస్తాయి. దాని కల్చర్‌లో, అంటే సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగకపోతే ఇన్ఫెక్షన్ లేదనుకోవచ్చు. పెరిగితే మాత్రం నమ్మలేం. బిడ్డ బాగా నీరసించి ఉంటే ఆసుపత్రిలో సన్నని గొట్టంతో గానీ, పొత్తికడుపులోంచి సూదితో గానీ తీస్తారు.

నమూనాను పరీక్షకు పంపాల్సిన దూరం ఇంకో చిక్కు. బస్తర్ ప్రాంతంలోని కోంటా నుంచి వైద్య కళాశాల ఉన్న జగదల్‌పూర్ వంద కిలోమీటర్ల పైమాటే. తెలుగు మాట్లాడే అక్కడివారికి భద్రాచలమే దగ్గర. మూత్రం బయటి వేడిలో ఉంటే సూక్ష్మజీవులు గంటల్లో పెరిగిపోతాయి. 4 డిగ్రీల చల్లదనంలోనైతే ఒక రోజు ఆగుతుంది. రంగు మారే పుల్లతో అక్కడికక్కడే చూడవచ్చు గానీ, నైట్రైట్ గడి మారలేదని ధీమా పడకూడదు. సూక్ష్మజీవుల వల్ల నైట్రైట్ తయారు కావాలంటే మూత్రం మూత్రాశయంలో నాలుగు గంటలైనా నిలవాలి, పసిపిల్లలు అంతసేపు ఆపుకోరు.