ముద్ర ఎవరి చేతిలో ఉంది? – కాఫీ రైతులు, న్యాయ వాణిజ్యం

కాఫీ పొట్లాల మీద ఈ రోజుల్లో రకరకాల ముద్రలు కనిపిస్తున్నాయి. భౌగోళిక గుర్తింపు పంట ఎక్కడ పండిందో చెబుతుంది. సేంద్రియ ముద్ర ఎలా పండిందో చెబుతుంది. రైతుకు ఎంత ముట్టిందో అడిగే ముద్ర మూడోది. దాన్నే ఫెయిర్ ట్రేడ్, అంటే న్యాయ వాణిజ్యం అంటారు. ఈ మూడో ముద్ర చరిత్ర మన యువత తెలుసుకోదగినది. అది పుట్టడానికి కారణమైన రైతులు కూడా కొండ ప్రాంత ఆదివాసులే.

కాఫీ చరిత్రలో అన్యాయం పాతదే. ఇండోనేషియాను ఏలిన డచ్చివారు 1830 నుంచి జావా రైతుల చేత కాఫీ, చెరకు, నీలిమందు బలవంతంగా పండించి, తాము నిర్ణయించిన ధరకే తీసుకుపోయారు. అక్కడ ఉద్యోగం చేసిన ఒక డచ్చి అధికారి ఈ దోపిడీని చూసి, ముల్తాతులి అనే కలం పేరుతో 1860లో ‘మాక్స్ హావెలార్’ నవల రాశాడు.

నూరేళ్లు దాటాక ఆ పేరు మళ్లీ వినిపించింది. ఈసారి కథ మెక్సికో దేశంలోని ఒహాకా రాష్ట్రంలో మొదలైంది. అక్కడి కొండల్లో జపోటెక్, మిహె వంటి ఆదివాసులు చిన్న చిన్న తోటల్లో కాఫీ పండిస్తారు. రోడ్డు లేదు, బండి లేదు. గూడేనికి వచ్చే దళారి చెప్పిందే తూకం, ఇచ్చిందే ధర. ఆ దళారులను అక్కడివారు ‘కొయోటె’ అంటారు. అది నక్కలాంటి ఒక అడవి జంతువు పేరు. షావుకారి తూకాన్ని సంతలో చూసిన మన పెద్దలకు ఆ పేరు ఎందుకు పెట్టారో వివరించనక్కర్లేదు.

ఆ గ్రామాలవారు 1983లో ‘ఉసిరి’ (యూసీఐఆర్ఐ) అనే సహకార సంఘంగా ఏర్పడ్డారు. పంటను తామే సేకరించి, తామే ఎగుమతి చేయడం మొదలుపెట్టారు. వారితో కలిసి పనిచేసిన డచ్చి మతగురువు ఫ్రాన్స్ వాన్ డెర్ హాఫ్, సాలిడారిడాడ్ సంస్థకు చెందిన నికో రూజెన్ కలిసి నెదర్లాండ్స్‌లో అమ్మకానికి దారి వెతికారు. రైతులు అడిగింది దానం కాదు, న్యాయమైన ధర. అలా 1988 నవంబరులో మొదటి న్యాయ వాణిజ్య ముద్ర వచ్చింది. దానికి పెట్టిన పేరు మాక్స్ హావెలార్. ముద్ర ఉండడం వల్ల ఈ కాఫీ ప్రత్యేక దుకాణాలు దాటి మామూలు అంగళ్లకు చేరింది.

మరుసటి ఏడాదే దాని అవసరం తెలిసింది. కాఫీ ధర పడిపోకుండా దేశాల మధ్య 1962 నుంచి ఉన్న కోటా ఒప్పందం 1989 జులైలో కూలిపోయింది. కొద్ది నెలల్లో ధర సుమారు సగానికి పడింది. 2001లో ప్రపంచ మార్కెట్లో పౌను అరబికా 50 సెంట్ల కంటే దిగువకు జారింది. అప్పుడు న్యాయ వాణిజ్యం కింద కొన్నవారు 1 డాలరు 26 సెంట్లు చెల్లించాల్సి వచ్చింది.

ఇది పనిచేసే తీరు ఇది. రైతు సంఘం ప్రజాస్వామికంగా నడవాలి. సర్వసభ్య సమావేశం జరగాలి, లెక్కలు సభ్యుల ముందు పెట్టాలి. వెట్టి, బాలకార్మికం, నిషేధించిన మందులు ఉండకూడదు. కొనే వ్యాపారికీ షరతులు ఉన్నాయి. కనీస ధర, మార్కెట్ ధరల్లో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. సంఘం అడిగితే పంటకు ముందు బయానా సమకూర్చాలి. ఎవరి దగ్గర ఎంత కొన్నాడో కాగితం చూపాలి. తనిఖీ ఇద్దరికీ జరుగుతుంది. 2023 ఆగస్టు నుంచి కడిగి ఆరబెట్టిన అరబికాకు పౌనుకు 1 డాలరు 80 సెంట్లు కనీస ధర. దానిపైన 20 సెంట్ల ప్రీమియం సంఘానికి అందుతుంది. అది బడికా, గోదాముకా, పల్పింగ్ యంత్రానికా అన్నది సభ్యులే ఓటు వేసి తేల్చాలి.

లోపాలూ ఉన్నాయి. సంఘం పంటంతా ఈ ధరకు పోదు. కొనేవాడు ముద్రతో కొన్నంత మేరకే ఆ ధర, మిగిలింది మామూలు ధరకే. తనిఖీ రుసుము సంఘమే కట్టుకోవాలి. ముద్ర ఎవరిదన్న తగాదా కూడా వచ్చింది. 2011లో అమెరికా శాఖ అంతర్జాతీయ సంస్థ నుంచి విడిపోయి, కూలీలతో నడిచే పెద్ద కాఫీ ఎస్టేట్లకూ ముద్ర ఇస్తామంది. చిన్న రైతుల సంఘాలు దాన్ని వ్యతిరేకించాయి. లాటిన్ అమెరికా చిన్న రైతులైతే 2006లోనే తమ సొంత చిహ్నం ప్రకటించుకున్నారు. అంతర్జాతీయ సంస్థలోనూ పోరాడి, సర్వసభ్య సభలో సగం ఓట్లు సాధించుకున్నారు.

మన కొండల సంగతి చూద్దాం. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీ కొంటోంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రైతులు సొంత సంఘం పెట్టుకున్నారు. 2017లో అరకు కాఫీకి పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవి గర్వపడదగినవే. కానీ వీటిలో ఏదీ తనంతట తాను కనీస ధరకు హామీ కాదు.

మన దగ్గర ఎక్కువగా వినిపించే సేంద్రియ ధ్రువీకరణ బృందంగా జరుగుతుంది. ప్రతి రైతు తోట పటం, డైరీ ఉండాలి. బృందం లోపలి తనిఖీ ముందు, బయటి సంస్థ తనిఖీ తర్వాత. ఏళ్ల తరబడి చెమటోడ్చింది రైతే అయినా, చాలాచోట్ల ధ్రువపత్రం తోడ్పడిన సంస్థ పేరుతోనో వ్యాపారి పేరుతోనో ఉండేది. అలాంటప్పుడు రైతు వేరేచోట అమ్మితే అతని కాఫీ మామూలు కాఫీయే. 2025 జనవరిలో వచ్చిన కొత్త జాతీయ నిబంధనలు రైతు బృందాలకు చట్టబద్ధ హోదా ఇచ్చాయి. ఆ హోదాను వాడుకోవడం మన చేతిలో ఉంది.

అందుకే చదువుకున్న మన పిల్లలు సంఘం సమావేశానికి వెళ్లాలి. ధ్రువపత్రం ఎవరి పేరున ఉంది, ముద్రతో ఎంత అమ్ముడుపోయింది, అదనంగా వచ్చిన డబ్బు ఏ తీర్మానంతో ఖర్చయింది అని అడగాలి. ఉపాధ్యాయులు లెక్కల పాఠంలో కిలో, పౌను, రూపాయి, డాలరు మార్పిడి నేర్పితే ఆ ప్రశ్నలకు బలం వస్తుంది. ఒహాకా ఆదివాసులు ముందు తూకం తమ చేతిలోకి తీసుకున్నారు. ముద్ర ఆ తర్వాత వచ్చింది.