కండ లాగుతుందే గానీ తొయ్యదు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మొదట జంకాను. రాజుల గురించీ యుద్ధాల గురించీ రాయడానికి నేను చరిత్ర మాస్టారిని కాను. 1969లో ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో, అనాటమీ శాఖలో టైపిస్టుగా చేరి, 2006లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. అయితే ముప్ఫయ్యేడేళ్లు ఏ విషయం మీద కాగితాలు టైపు చేశానో దానికీ ఒక చరిత్ర ఉంది. మనిషి తన ఒంట్లోని కండరాలను తాను ఎలా తెలుసుకున్నాడన్నదే ఆ చరిత్ర. పోయిన ఏడాది నాకు జరిగిన ఒక సంఘటన దాన్ని మళ్లీ గుర్తు చేసింది.

వానాకాలంలో స్నానాల గదిలో జారిపడ్డాను. ఎముకలేవీ విరగలేదు గానీ ఆరు వారాలు మంచం దిగలేదు. ఆ తరువాత ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఇంటికి వచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "చేతులు ఆనించకుండా లేవండి తాతగారూ" అంది. లేవలేకపోయాను. "తొడ ముందు కండరం నీరసించింది" అంది. నాకు పౌరుషం వచ్చింది. "క్వాడ్రిసెప్స్ ఫిమోరిస్. నాలుగు తలలు. రెక్టస్ ఫిమోరిస్ ఒకటి, వాస్టస్‌లు మూడు. ఫిమోరల్ నాడి" అని గడగడా అప్పజెప్పాను. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి, "అన్నీ తెలుసే! అయితే లేవండి మరి" అని నవ్వింది.

పేరు తెలియడం వేరు, కండరం తెలియడం వేరు. ఈ తేడాను గుర్తించడానికి నాకే కాదు, వైద్యశాస్త్రానికి కూడా చాలా కాలం పట్టింది.

మన సుశ్రుత సంహితలో శారీరస్థానం అనే భాగం ఉంది. మనిషి ఒంట్లో 500 పేశులున్నాయని అందులో లెక్క చెప్పారు. కాళ్లూ చేతుల్లో 400, మొండెంలో 66, మెడా ఆపైన 34. నేటి లెక్కలో కండరాలు ఆరువందలకు పైనే. అంకె కన్నా గొప్ప విషయం మరొకటి ఉంది. శాస్త్రం చదవడంతో సరిపెట్టుకోకుండా శవాన్ని కళ్లారా చూసి తెలుసుకోవాలని ఆ గ్రంథం చెబుతుంది. గడ్డి, నారలతో చుట్టిన శవాన్ని బోనులో పెట్టి, ఏడు రాత్రులు పారే నీటిలో నానబెట్టి, తరువాత వట్టివేళ్లు, వెదురు వంటి వాటితో చేసిన కుంచెలతో మెల్లమెల్లగా రుద్దుతూ పొర తరువాత పొర చూడమంది. తరువాతి కాలంలో మన దేశంలో ఆ అలవాటు మరుగున పడిపోయింది. మళ్లీ 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో పండిట్ మధుసూదన్ గుప్తా కత్తి పట్టారు. ఆయన అంతకుముందు సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం చెప్పిన పండితుడు. ఎవరి కులంవారు ఏమంటారోనన్న భయం బలంగా ఉన్న ఆ రోజుల్లో ఒక పండితుడు శవాన్ని ముట్టుకోవడం మామూలు తెగువ కాదు.

పడమటి దేశాల కథ ఇంకో తీరు. రెండవ శతాబ్దంలో గేలెన్ అనే గ్రీకు వైద్యుడు పెర్గమాన్ పట్టణంలో గ్లాడియేటర్లకు, అంటే జనం వినోదం కోసం కత్తులతో పోరాడేవారికి, వైద్యం చేశాడు. వారి గాయాల్లోంచి లోపలి కండరాలు చూశాడు. కండరం కుదించుకుని పని చేస్తుందనీ, ఒకటి ఒక వైపు లాగితే రెండోది ఎదురువైపు లాగుతుందనీ గ్రహించాడు. ఎంత గొప్పవాడైనా ఆయన కోసి చూసింది కోతులనూ పందులనూ ఇతర జంతువులనూ. అక్కడ కనిపించినదే మనిషిలోనూ ఉంటుందనుకుని రాసినవి చాలా ఉన్నాయి. ఆయన పోయాక ఆయన గ్రంథమే ప్రమాణమైంది. విశ్వవిద్యాలయాల్లో ఆచార్యుడు ఎత్తయిన పీఠం మీద కూర్చుని పుస్తకం చదివేవాడు. కింద ఒక మంగలి శవాన్ని కోసేవాడు. కోసినవాడికి చదువు రాదు, చదివినవాడు చెయ్యి పెట్టడు. పుస్తకంలో ఉన్నది బల్ల మీద కనిపించకపోతే తప్పు శవానిదే అయ్యేది!

ఇటలీలోని పాదువాలో వెసాలియస్ అనే కుర్ర ఆచార్యుడు ఆ పీఠం దిగి, కత్తి తానే పట్టుకున్నాడు. 1543లో బాసెల్ పట్టణంలో అచ్చయిన ఆయన మహాగ్రంథం గేలెన్ తప్పులను రెండు వందలకు పైగా దిద్దింది. అప్పటికాయన వయసు 28. అందులో కండరాల మనుషుల బొమ్మలున్నాయి. కొండలూ ఊళ్లూ వెనకాల ఉండగా ఒక మనిషి చర్మం లేకుండా నిలబడి ఉంటాడు. పేజీ తిప్పిన కొద్దీ ఒక్కొక్క పొర కండరం ఊడి వేలాడుతూ, చివరికి ఆ మనిషి నిలబడే ఓపిక లేక గోడకు ఆనుకుంటాడు. మా శాఖ మ్యూజియంలో ఆ బొమ్మల నకళ్లు ఉండేవి. వాటిని చూసినప్పుడల్లా, కండరం ఒక్కటొక్కటే ఊడితే మనిషి ఎలా కూలిపోతాడో కళ్లకు కట్టేది.

మా శాఖలోనూ ఒక పీఠమూ ఒక బల్లా ఉండేవి. డిసెక్షన్ హాలులో ఒక అటెండరు ఉండేవాడు. సంతకం తప్ప రాయడం రాదు. ఏళ్ల తరబడి శవాలను సిద్ధం చేసి చేసి, ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ తగులుకుంటుందో చేత్తో తడిమి చెప్పేవాడు. కొత్తగా వచ్చిన ట్యూటర్లు కూడా సందేహం వస్తే చాటుగా అతణ్ణే అడిగేవారు. ఒకనాడు నేను, "ఇన్ని పేర్లు టైపు చేస్తున్నాను గానీ ఒక్క ముక్కా అర్థం కావడం లేదోయ్" అన్నాను. అతను నా ఎడమ చేతిని నా కుడి జబ్బ మీద పెట్టించి, "చెయ్యి మడవండి బాబూ" అన్నాడు. ముందున్న కండ గట్టిపడింది. "ఇప్పుడు బల్లని కిందికి నొక్కండి" అన్నాడు. ముందుది మెత్తబడి వెనకది గట్టిపడింది. "అంతే బాబూ. కండ లాగుద్దే గానీ తొయ్యదు. అందుకే దేవుడు జతలు పెట్టాడు" అన్నాడు. మీ పిల్లలు పాఠ్యపుస్తకంలో ద్విశిర కండరం, త్రిశిర కండరం అని చదివింది ఆ జత గురించే. గేలెన్ చెప్పిన మాటనే గేలెన్ పేరు వినని మనిషి నాకు నేర్పాడు. అతని పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ బల్లల మీద పడుకుని ఎన్నో బ్యాచ్‌లకు చదువు చెప్పిన అనాథ శవాల పేర్లూ ఎక్కడా లేవు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి రెండు చెబుతాను. మజిల్ అన్న మాటకు లాటిన్‌లో చిట్టెలుక అని అర్థం. చర్మం కింద కండ కదిలితే ఎలుక పరుగెత్తినట్టు కనిపిస్తుందని ఆ పేరు. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన కండరం సార్టోరియస్, అంటే దర్జీ కండరం. తుంటి నుంచి తొడ మీదుగా ఏటవాలుగా మోకాలి లోపలి వైపుకు దిగుతుంది. దర్జీలాగా మఠం వేసుకుని కూర్చోవడానికి సాయపడుతుంది. ఇక 1858లో వచ్చిన గ్రే అనాటమీ పేరు డాక్టర్ల ఇళ్లలో అందరూ వినే ఉంటారు. దానికి బొమ్మలు గీసిన కార్టర్ అదే ఏడాది మన దేశానికి వచ్చి, బొంబాయిలో గ్రాంట్ మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పాడు. కండరం పేరును పక్కన కాకుండా ఆ కండరం మీదనే రాసేవాడు. పేరునూ వస్తువునూ విడదీయకపోవడమే ఆయన బొమ్మల గొప్ప.

కండరం ఎక్కడుందో తెలిశాక ఎలా లాగుతుందన్న ప్రశ్న మిగిలింది. నాడుల్లోంచి ఏదో వాయువు వచ్చి కండరాన్ని ఉబ్బిస్తుందని చాలాకాలం నమ్మారు. 1660లలో హాలెండు దేశస్థుడు స్వామర్‌డామ్ కప్ప కండరాన్ని గాజు గొట్టంలో బిగించి, కుదించుకున్నప్పుడు దాని పరిమాణం పెరగడం లేదని చూపాడు. 1680లో, ఇటలీవాడైన బొరెల్లి చనిపోయిన మరుసటి ఏడాది, ఆయన గ్రంథం వెలువడింది. ఎముకలు మీటలు, కీళ్లు ఆనికలు అన్నాడాయన. అరచేతిలో కిలో రాయి పట్టుకుని మోచేయి మడవండి. రాయి మోచేతికి ముప్ఫై, ముప్ఫయ్యయిదు సెంటీమీటర్ల దూరంలో ఉంటే, జబ్బ కండరం నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే తగులుకుని ఉంటుంది. అందుకని కిలో రాయికి అది ఏడెనిమిది కిలోల బరువుకు సరిపడా లాగాలి. 1791లో గాల్వానీ విద్యుత్తుతో కప్ప కాలు కదిలించిన సంగతి ప్రకటించాడు. 1867లో ఫ్రాన్సులో డుషెన్, బతికున్న మనుషుల చర్మం మీద నుంచే విద్యుత్తు పంపి, ఏ కండరం ఏ కదలిక చేస్తుందో పుస్తకంగా రాశాడు. చివరికి 1954లో ఇద్దరు హక్స్‌లీలు, వీరికి బంధుత్వమేమీ లేదు, తమ తమ సహచరులతో కలిసి ఒకే పత్రిక ఒకే సంచికలో అసలు గుట్టు చెప్పారు. కండరంలోని సన్నటి పోగులు కుంచించుకుపోవు. రెండు దువ్వెనల పళ్లు ఒకదానిలోకి ఒకటి దూరినట్టు, ఒకదాని మధ్యకు ఒకటి జారతాయి. మా అటెండరు మాట సూక్ష్మదర్శిని కింద కూడా నిలిచింది. లాగడమే గాని తొయ్యడం లేదు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. కుర్చీలోంచి లేపేవి తొడ ముందు నాలుగు తలల కండరమూ, పిరుదుల్లోని పెద్ద కండరమూ. మెల్లగా కూర్చునేటప్పుడూ మెట్లు దిగేటప్పుడూ ఆ తొడ కండరమే సాగుతూ బరువు ఆపుతుంది. అది నీరసిస్తే మనం కూర్చోం, కుర్చీలో కూలబడతాం. వయసుతో కండ తరగడానికి 1989లో రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త సార్కోపీనియా అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే బోస్టన్‌లో ఒక పరిశోధన వెలువడింది. వృద్ధాశ్రమంలోని సుమారు తొంభై ఏళ్ల వయసువారు పది మందితో, పర్యవేక్షణలో, ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. వారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలోనే అంత పెరిగితే, డెబ్బైలలో ఉన్న మనం "ఇంకేం ఉందిలే" అనుకోవడం న్యాయం కాదు.

నేను మొదలుపెట్టినప్పుడు కుర్చీ మీద రెండు దిండ్లు వేసుకుని లేచేవాణ్ణి. నెలకు ఒక దిండు తీసేశాను. ఇప్పుడు చేతులు ఆనించకుండా ఉదయం పదిసార్లు, సాయంత్రం పదిసార్లు లేస్తున్నాను. మీరు మాత్రం ముందుగా మీ డాక్టరుగారిని అడగండి. పక్కన ఒకరిని ఉంచుకోండి. గుండె జబ్బూ కొత్తగా ఆపరేషనూ ఉన్నవారు తొందరపడవద్దు.

లేచేటప్పుడు ఒక చెయ్యి తొడ మీద పెట్టి చూడండి. కింద గట్టిపడేదాని పేరు మీకు రాకపోయినా ఫరవాలేదు. పేర్లన్నీ వచ్చిన నేనే లేవలేకపోయాను. మొన్న మా ఆవిడ మోకాళ్లు నొప్పులంటే, ఆమె చేతిని ఆమె తొడ మీదనే పెట్టించి, కాలు చాపమన్నాను. "గట్టిగా అయిందండీ" అంది. యాభై ఏళ్ల కిందట ఒక అటెండరు నాకు చెప్పిన పాఠాన్ని, ఆయన చెప్పిన పద్ధతిలోనే, ఇంకొకరికి అందించాను.