గెలిచినోడికి ప్రైజ్ ఎందుకు ఇవ్వలేదు? షార్లెట్ మట్టి ట్రాక్ కథ

నాస్కార్ కార్ రేసుల పేరు మీరు వినే ఉంటారు. అందులో టాప్ సిరీస్ మొట్టమొదటి రేసు ఎక్కడ జరిగిందో తెలుసా? అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో. మన తెలుగువాళ్ళు బోలెడుమంది ఉద్యోగాలు చేసే ఊరే! కానీ ఇప్పుడున్న పెద్ద స్టేడియం కాదు, అది 1960లో వచ్చింది. నేను చెప్పేది షార్లెట్ స్పీడ్‌వే గురించి. ముప్పావు మైలు మట్టి ట్రాక్. 1948లో మొదలైంది, 1956కల్లా మూతపడింది.

1949 జూన్ 19. నాస్కార్ పెట్టిన బిల్ ఫ్రాన్స్ రూల్ ఏంటంటే, షోరూమ్‌లో అమ్మే కారే రేసులో పరిగెత్తాలి, మార్పులు చేయకూడదు. మొత్తం 33 కార్లు, 200 ల్యాపులు, అంటే దాదాపు 240 కిలోమీటర్లు. ఫస్ట్ ప్రైజ్ 2,000 డాలర్లు. అప్పట్లో ఆ డబ్బుకి కొత్త ఫోర్డ్ కారు వచ్చేది! లీ పెట్టీ అయితే అడిగి తెచ్చుకున్న బ్యూక్ కారుతో దిగి, దాన్ని పల్టీ కొట్టించాడు. పాపం, ఓనర్‌కి ఏం చెప్పాడో! తర్వాత ఆయనే మూడుసార్లు ఛాంపియన్ అయ్యాడు.

సరే, అసలు మ్యాటర్‌కి వద్దాం. అందరికంటే ముందు గీత దాటింది గ్లెన్ డనవే, ఫోర్డ్ కారులో. రేసయ్యాక ఇన్‌స్పెక్షన్‌లో చూస్తే, కారు వెనక కమాన్ కట్టలు మార్చి గట్టి చేసున్నాయి. ఎందుకంటే అది నాటుసారా తోలే కారు. డిక్కీ నిండా సారా వేసినా వెనక భాగం కిందికి దిగకూడదు, పోలీసులకి డౌట్ రాకూడదు. అదే పని మలుపుల్లో కూడా కారుని నిలబెడుతుంది. డనవే కారు డ్రైవరే, ఓనర్ కాదు. ఓనర్ హ్యూబర్ట్ వెస్ట్‌మోర్‌ల్యాండ్. అయినా గెలుపు పోయింది డనవేకే. నాకైతే అది అన్యాయంగానే అనిపిస్తుంది.

ప్రైజ్ ఎవరికెళ్ళింది? జిమ్ రోపర్‌కి. కామిక్ స్ట్రిప్‌లో ఈ రేసు గురించి చదివి, కాన్సాస్ నుంచి వెయ్యి మైళ్ళకు పైగా వచ్చినవాడు. వెనకబడి రెండోస్థానంలో వచ్చాడు, రికార్డుల్లో మాత్రం తొలి విజేత!

వెస్ట్‌మోర్‌ల్యాండ్ ఊరుకోలేదు, 10,000 డాలర్లు అడుగుతూ నాస్కార్ మీద కేసు వేశాడు. జడ్జి కొట్టేశారు. నాస్కార్ కొత్త సంస్థ, అప్పటికి పోటీ సంస్థలు కూడా ఉన్నాయి. ఆ కేసు ఓడిపోయి ఉంటే, తన రూల్ ఎవరు లెక్కచేసేవాళ్ళు చెప్పండి? ఆ తీర్పుతో ఏ కారు ఓకే, ఏది కాదు అని చెప్పే పవర్ వాళ్ళ చేతికొచ్చింది. ట్రాక్ మాత్రం ఇంకో ఏడేళ్ళే నడిచింది.