పాత ఛాయాపటము

రాజుల చరిత్రకు శాసనములు, ఫర్మానులు ఆధారములు. సామాన్య కుటుంబముల చరిత్రకు పెక్కుచోట్ల గోడమీది పాత ఛాయాపటమే మిగిలిన ఆధారము. దానిని గూర్చి నేడు కొంత ముచ్చటింతును.

మన కొత్తూరునుండి హైదరాబాదునకు బోవు త్రోవలో శంషాబాదు కలదు. పాయెగా అమీరుల ‘శంసుల్ ఉమరా’ బిరుదమునుండియే దానికా పేరు వచ్చినది. పాయెగావారు సైన్యపోషణకై నిజాము ప్రభువులవలన జాగీరులు పొందిరి, ప్రభుకుటుంబముతో వియ్యమందిరి. ఆ వంశీయులలో సర్ ఆస్మాన్ జా 1887 నుండి 1893 వఱకును, పిదప సర్ వికారుల్ ఉమరా 1901 వఱకును రాజ్యమునకు ప్రధానమంత్రులుగా నుండిరి. ఫలక్‌నుమా సౌధమును గట్టించినవాడు ఈ రెండవవాడే. ఆనాటి అమీరుల రూపములు నేటికిని మనకు గానవచ్చుటకు ముఖ్యకారకుడు రాజా దీనదయాళు.

దీనదయాళు 1844లో మీరటు చేరువనున్న సర్ధనాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరు విద్య నేర్చి, ఇండోరులో ఉద్యోగము చేయుచు ఛాయాగ్రహణము నభ్యసించెను. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను అతనిని ఆస్థాన ఛాయాగ్రాహకునిగా జేసికొని ‘ముసవ్విర్ జంగ్’ బిరుద మొసగెను. ఘోషా స్త్రీలకొఱకు 1892లో దీనదయాళు హైదరాబాదులో ప్రత్యేకశాల నెలకొల్పి, ఒక ఆంగ్లవనితకు దాని నప్పగించెను. అతడు 1905లో గతించెను. అతని గాజుపలకలు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

అమీరుల పేర్లు దర్బారు పుస్తకములయందును గలవు. పటము చినిగినను పేరు నిలుచును. మనయిండ్లలోని వారికా భాగ్యము లేదు. మా యింట నొక పటము కలదు. ముత్తాతగారు కుర్చీలో గూర్చుండి, చేతులు మోకాళ్లపై నానించియున్నారు. కదలినచో ముఖము చెదరునని ఛాయాగ్రాహకుడు హెచ్చరించును గనుక, ఆ బిగువు కోపము గాదు, ఊపిరి బిగబట్టుటయే. ప్రక్కను మా తాతగారు, పదేండ్ల బాలుడు. ఒక యంచున కుర్చీకోడు పట్టుకొని నిలిచిన చిన్నపిల్ల యెవరో మా నాయనగారికిని దెలియదు. నాయనమ్మ చెప్పగా వింటిమి: ఆమె తాతగారి చెల్లెలట, 1918 నాటి విషజ్వరములలో బోయినదట. ఆమె యీ లోకమున నుండినదనుటకు ఆ పటమును, నాయనమ్మ మాటయు దక్క మఱి సాక్ష్యము లేదు. నాయనమ్మ నోరు విప్పకున్నచో ఆ బిడ్డ రెండవమాఱు మరణించియుండెడిది.

జాగీరులు 1949లో రద్దయినవి. పొలములుండిన శంషాబాదు నేలపై 2008లో విమానాశ్రయము వెలసినది. గుర్తులు మాఱిపోవుచుండగా, గుర్తెఱిగిన వారును తగ్గిపోవుచున్నారు.

కావున పెద్దలకు నా మనవి. పటమును గోడనుండి దింపుడు. మనుమలను దగ్గఱ గూర్చుండబెట్టుకొని, ఎడమనుండి కుడికి ఒక్కొక్కరి పేరు, ఊరు, వరుస చెప్పుడు. వెనుకవైపున మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయింపుడు. సిరా ముందువైపునకు దిగును. స్త్రీలను ‘ఫలానావారి భార్య’ యని విడువక, వారి పేర్లనే వ్రాయింపుడు. ఇది ఒక్క సాయంకాలపు పని. ఆ పేర్లు మీకు దప్ప వేఱొకరికి దెలియవు.