మండువానుండి కిటికీకి: మన ఇండ్లలోని ఒక తీగ కథ

చరిత్ర యనగానే మనకు రాజులును, కోటలును, యుద్ధములును జ్ఞప్తికి వచ్చుట సహజము. కోయంబత్తూరు, మధుర ప్రాంతములందలి తెలుగువారినిగూర్చి ఇట్టి సంచికలలో వెలువడు వ్యాసములు చాలవరకు నాయకరాజులతో మొదలై నాయకరాజులతోనే ముగియుచుండును. అది తప్పు కాదు. కాని ఒక జనసమూహము పొరుగుసీమలో శతాబ్దములు నిలిచి తన మాటను నిలుపుకొనుటకు కోటలకంటె ఇండ్లే ఎక్కువ తోడ్పడినవి. ఆ ఇండ్లలో ఏ మొక్కలు పెంచిరి, ఏ మాటలతో పెంచిరి అనునదియు చరిత్రయే. అందుచేత నేడు మన కిటికీలయందును, అలమారల మీదను వ్రేలాడుచున్న ఒక తీగనుగూర్చి మేము ముచ్చటింప దలచితిమి. దానిని అందరును మనీప్లాంటు అందురు.

ముందుగా రెండు మాటలలో పూర్వకథ. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో తన పాలనను నెలకొల్పెను. 1736లో రాణి మీనాక్షితో ఆ యేలుబడి అంతరించెను. ఆ రెండు శతాబ్దములలోను, అంతకు ముందును, తరువాతను కూడ సైనికులు, రైతులు, వర్తకులు, నేతగాండ్రు తెలుగునాటినుండి దక్షిణమునకు వచ్చి స్థిరపడిరి. కమ్మవారు, బలిజలు, రెడ్లు, రాజకంబళమువారు, అరుంధతీయులు మున్నగువారందరును ఈ సీమలో తెలుగును ఇంటిమాటగా నిలిపినవారే. రాజాస్థానమున తెలుగునకు గొప్ప ఆదరము లభించెను. 1706 మొదలు 1732 వరకు పాలించిన విజయరంగ చొక్కనాథుడు స్వయముగా తెలుగున వచనగ్రంథములు రచించెను. శ్రీరంగ మాహాత్మ్యము వానిలో నొకటి.

రాజాస్థానము పోయిన పిదప భాష ఇంటిలో నిలిచినది. ఆనాటి పెద్ద ఇండ్లకు వీథివైపున అరుగులు, నడుమ ఆకాశము కనబడు మండువా, వెనుక పెరడు నుండెడివి. మండువాలో తులసికోట, పెరటిలో మల్లె, కరివేప, నీరు పారుచోట అరటి. వసతి గలవారు బావిగట్టు నీడన తమలపాకు తీగ నొకదానిని ప్రాకించెడివారు. మధురకు చేరువనే, వైగైనదీ తీరమున, షోళవందానులో తమలపాకు తోటలు ప్రసిద్ధములు. 2023లో అచ్చటి ఆకునకు భౌగోళిక సూచికా గుర్తింపు లభించినది. తమలపాకు తీగ ఎండను సహింపదు; నీడయు, చెమ్మయు, ఊతకొమ్మయు కోరును. విత్తనముతో పని లేక కణుపు గల ముక్కను నాటినచో వేరు తొడుగును. ఈ సంగతి చదువరులు గుర్తుంచుకొందురు గాక. మనీప్లాంటును మన ఇండ్లవారు అంత సులభముగా పెంచగలుగుటకు ఈ పాత అనుభవము కొంత కారణమని మా అభిప్రాయము.

ఇండ్లు మారినవి. కోయంబత్తూరులో 1888లో మొదటి నూలుమిల్లు వెలసెను. 1910లో లక్ష్మీమిల్లు ఏర్పడెను. 1932లో పైకారా విద్యుచ్ఛక్తి వచ్చినతోడనే మిల్లులు వరుసగా లేచినవి. పీలమేడు మొదలగు తెలుగు పల్లెలు పట్టణములో కలిసిపోయినవి. మండువా ఇండ్లు పంపకములలో చీలినవి. కొన్ని పడగొట్టబడి అంతస్తుల ఇండ్లయినవి. తులసికోటకు బాల్కనీలో ఒక మూల దొరకినది. తమలపాకు తీగకు ఆ మాత్రమైన దొరకలేదు. అట్టి ఇండ్లలోనికి ఒక సీసాడు నీరు చాలునని వచ్చిన తీగ మనీప్లాంటు.

ఇది మన దేశపు తీగ కాదు. దీని పుట్టినిల్లు పసిఫిక్ మహాసముద్రమున తాహితి ద్వీపమునకు చేరువనున్న మొరేయా అను చిన్న ద్వీపము. 1880లో లిండెన్, ఆంద్రే అను ఐరోపా శాస్త్రజ్ఞులు దీనిని సాలమన్ ద్వీపములనుండి వచ్చినదిగా వర్ణించి, పోథాస్ అను జాతిలో చేర్చిరి. తరువాత పేరు పలుమారులు మారి, 1964లో ఎపిప్రెమ్నం ఆరియం అని స్థిరపడెను. ఆకు తమలపాకును పోలియున్నను ఇది ఆ కుటుంబము కాదు. చేమ, కంద దుంపల కుటుంబమునకు చెందినది. మరియొక వింత కలదు. ఈ తీగ తనంతట తాను పూయుట మిక్కిలి అరుదు. పూతకు అవసరమగు జిబ్బరెల్లిన్ అను పదార్థమును ఇది చాలినంత తయారుచేసికొనలేదనియు, ఆ పదార్థమును చల్లినచో పూయుననియు 2016లో వెలువడిన పరిశోధన తెలిపినది. అనగా లోకమంతటను వ్యాపించిన ఈ తీగ దాదాపుగా మనుష్యుల చేతులమీదుగా, ముక్క ముక్కగా, ఇంటినుండి ఇంటికి పోయినదే.

ఇక పోషణ. కణుపునకు అంగుళము దిగువగా పదునైన కత్తితో కోయవలెను. రెండు మూడు కణుపులున్న ముక్క చాలును. కణుపు లేని ముక్క ఎన్ని దినములు నీటనుంచినను క్రొత్త తీగ కానేరదు. క్రింది ఆకును తీసివేసి, కణుపు మాత్రము నీట మునుగునట్లు ఉంచినచో రెండు మూడు వారములలో తెల్లని వేళ్లు కనబడును. కుండీలో నాటదలచినవారు ఎఱ్ఱమన్ను, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలుపుకొనవలెను. పొల్లాచి ప్రాంతమున సమృద్ధిగా దొరకు కొబ్బరిపొట్టు కొంచెము చేర్చినచో మన్ను గుల్లగా నుండును. కుండీ అడుగున రంధ్రము తప్పనిసరి.

ఈ తీగ నీరు లేక చచ్చుటకంటె నీరెక్కువై చచ్చుటయే అధికము. వ్రేలిని మన్నులో రెండు కణుపులలోతు గ్రుచ్చి చూచి, పొడిగా తోచినప్పుడే నీరు పోయవలెను. మధుర వేసవిలో వారమునకు రెండుమారులు కావలసివచ్చును. పాలక్కాటు కనుమ గాలి తగులు కోయంబత్తూరులో, వానకారున, వారమున కొకమారే చాలవచ్చును. సిరువాణి నీరు దీనికి చక్కగా సరిపడును. ఉప్పుబోరు నీరు పోయుచోట ఆకుకొనలు మాడును; అట్టివారు వాననీటిని పట్టియుంచుట మేలు. వెలుగు కావలెను గాని పడమటి యెండ నేరుగా తగులరాదు. మరీ చీకటిలో నుంచినచో ఆకులమీది పసుపు చారలు తగ్గి వట్టి పచ్చదనము మిగులును. తీగ సాగి ఆకులు పలుచనైనప్పుడు చివరలు త్రుంచినచో ప్రక్కకొమ్మలు వేయును. వ్రేలాడుచున్నంత కాలము ఆకు చిన్నది. కొబ్బరిపీచు చుట్టిన కఱ్ఱపై ప్రాకించినచో పెద్దదగును. చెట్టు నెక్కిన తీగకు చేటంత ఆకులు వచ్చుటయు కలదు.

రెండు హెచ్చరికలు ముఖ్యము. మొదటిది, సీసాలోని నీరు. కదలని మంచినీటిలో డెంగూ జ్వరమును వ్యాపింపజేయు దోమ గ్రుడ్లు పెట్టును. అలంకారమునకై ఉంచిన సీసా ఇంటిల్లిపాదికి జ్వరము తెచ్చునట్లు కారాదు. వారమున కొకమారైనను నీరు పారబోసి, సీసా లోపలిగోడలను తోమి, క్రొత్తనీరు నింపవలెను. గ్రుడ్లు గోడకంటుకొని యుండును గనుక తోముట మానరాదు. రెండవది, ఈ ఆకులో సూదులవంటి సున్నపు స్ఫటికములున్నవి. నమలినచో నోరు మండి వాచును. పసిపిల్లలకు అందనీయరాదు; త్రుంచిన తీగను పశువుల ముందు వేయరాదు.

దొంగిలించి తెచ్చిన తీగయే ధనము తెచ్చునను నమ్మిక కలదు. పొరుగువారి తీగను అడిగి తెచ్చుకొన్నను అది చక్కగానే పెరుగును. ధనము మాత్రము కష్టమువలననే వచ్చును. ఇంటిగాలిని శుద్ధిచేయునను ప్రచారమును అట్టిదే. అమెరికా అంతరిక్షసంస్థ 1989లో మూసిన పెట్టెలలో చేసిన ప్రయోగము దానికి మూలము. సాధారణమగు గదిలో అట్టి ఫలితము కావలెనన్న చదరపు మీటరునకు పది మొక్కలైనను ఉండవలెనని 2019లో జరిగిన పరిశీలన తేల్చినది. గాలికి కిటికీ తెరచుటయే మందు.

ఇంత చిన్న తీగనుగూర్చి ఇంత వ్రాయనేల యని కొందరడుగవచ్చును. మన ఇండ్లలో పలువురు పిల్లలకు తెలుగు మాటాడుట వచ్చును గాని చదువుట రాదు. బడిలో నేర్వని భాష ఇంటిపనిలో నేర్వవలెను. ఇంటిపని తగ్గినకొలది మాటలును తగ్గును. తమిళమున కొడి యన్నది మనకు తీగ, ఇలై యన్నది ఆకు, కణు వన్నది కణుపు. వేరును, నీరును ఇరువురికిని ఒక్కటే. ఈ పోలికను, భేదమును ఒక్క సీసా ముందు కూర్చుండి మనుమనికి పావుగంటలో చెప్పవచ్చును. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. దానిని గౌరవించుచునే మన మాటను అప్పగింపవచ్చును. పెరటిలో తమలపాకు నాటినప్పుడు మన అవ్వలు చేసినదియు అదియే.

ఒకప్పుడు ఈ సీమలో తెలుగు రాజాశ్రయమున పూచినది. ఇప్పుడు ఆ పూత లేదు. అయినను చేతినుండి చేతికి అందుచు పచ్చగా నున్నది. కాబట్టి చదువరులారా, ఈ వానకారున ఒక ముక్క కోసి, కణుపు చూపి, దాని పేరు చెప్పి, పిల్లల చేతికిండు. వారము వారము నీరు మార్చు బాధ్యతను వారికే అప్పగింపుడు. తీగతోపాటు మాటయు వేరు తన్నుగాక!