పేరు సామాన్యమైతే సాక్ష్యం ఏమవుతుంది? తెలుగు వ్యక్తినామాలపై ఒక పరిశీలన

రెడ్డిరాజుల చరిత్రను చదివే విద్యార్థిని తొలుత తికమకపెట్టేది వేమారెడ్ల సంఖ్య. ప్రోలయ వేమారెడ్డి, అనవేమారెడ్డి, పెదకోమటి వేమారెడ్డి కొండవీటిని ఏలినవారు. కాటయ వేమారెడ్డి రాజమహేంద్రవరానికి చెందినవాడు. సుమారు నూరేండ్ల వ్యవధిలో ఇందరు వేమలు. వీరిలో ముగ్గురి పేర్లకు ముందున్న ప్రోలయ, పెదకోమటి, కాటయ అనేవి వారి తండ్రుల పేర్లు. వేమ అన్న పేరు ఒక్కటే మనిషిని గుర్తించడానికి చాలలేదు గనుక తండ్రి పేరు ముందుకు వచ్చి చేరింది. ఆ ప్రోలయ కూడా అరుదైన పేరు కాదు. అదే కాలంలో ముసునూరి ప్రోలయ నాయకుడు ఉన్నాడు.

అంతకు ముందరి కాకతీయ వంశక్రమంలో ఈ ఆవృత్తి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి బేతరాజు కుమారుడు మొదటి ప్రోలరాజు, అతని కుమారుడు రెండవ బేతరాజు, ఆ బేతరాజు కుమారుడు రెండవ ప్రోలరాజు. తాత పేరు మనుమడికి పెట్టే ఆచారానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు. (ఈ 'మొదటి', 'రెండవ' అనేవి ఆధునిక చరిత్రకారులు తగిలించిన గుర్తులన్న సంగతి తరగతి గదుల్లో తరచు మరుగున పడుతుంది.) రెండవ ప్రోలరాజు కుమారులతో ఈ వరుస తెగింది. రుద్రదేవుడు, మహాదేవుడు, ఆ తరువాత గణపతిదేవుడు: అన్నీ శైవ పౌరాణిక నామాలే. రుద్రదేవుడి స్వతంత్ర పాలనను చాటే 1163 నాటి హనుమకొండ శాసనానికీ ఈ నామపరివర్తనకూ కాలం కలిసి రావడం కేవలం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. బేత, ప్రోల, గుండ, ఎఱ్ఱ వంటి దేశి నామాలు నేడు వ్యక్తినామాలుగా దాదాపు వినిపించవు.

రాజుల విషయంలో శాసనాలున్నాయి. సామాన్యుల విషయంలో చాలాచోట్ల పేరే శాసనం. అయితే దానిని చదవడంలో ఒక మెలిక ఉంది. పుల్లయ్య, పెంటయ్య, కుప్పయ్య, పిచ్చయ్య, భిక్షమయ్య, ఉత్తరాంధ్రలో తవిటయ్య, వీరి స్త్రీరూపాలైన పెంటమ్మ, కుప్పమ్మ, తవిటమ్మ అనే పేర్లు ఒక కోవకు చెందినవి. పుట్టిన బిడ్డలు వరుసగా దక్కకుండా పోతున్న ఇంట, ఆ తరువాత కలిగిన శిశువును ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించడం, పెంటకుప్ప మీద ఉంచి తెచ్చుకోవడం, ఇరుగుపొరుగుకు ఇచ్చి గుప్పెడు తవుడుకు తిరిగి కొనుక్కోవడం ఆచారంగా ఉండేది. ఎవరికీ అక్కరలేని బిడ్డగా కనిపిస్తే మృత్యువు కన్నుపడదని నమ్మకం. ఆ తంతు పేరుగా మిగిలింది. జనన మరణాల నమోదు సరిగా లేని కాలపు శిశుమరణాలకు ఈ పేర్లను ఆధారంగా తీసుకోవాలన్న ఆలోచన సహజంగానే పరిశోధకుడికి కలుగుతుంది.

ఆ ఆలోచనలో బలముంది, ప్రమాదమూ ఉంది. తాత పేరు మనుమడికి వచ్చే సమాజంలో రెండవ పుల్లయ్య ఏ విస్తరి మీదా దొర్లి ఉండనవసరం లేదు. మొదటి పుల్లయ్య పేరు ఒక తల్లి కడుపుకోతను చెబుతుంది. మనుమడి పేరు తాత మీది గౌరవాన్ని మాత్రమే చెబుతుంది. పేరు ఎంత సామాన్యమైతే దాని తొలి అర్థం అంతగా పలుచబడుతుంది. కనుక ఒక గ్రామపు జాబితాలో పుల్లయ్యలు ఇరవైమంది ఉన్నారని లెక్కించి శిశుమరణాల తీవ్రతను అంచనా వేయడం పొరపాటు. ఆ ఇరవైమందిలో తాత పేరు వేరుగా ఉన్నవారెవరో ముందు తేల్చాలి. వంశవృక్షం తోడు లేని నామగణన ఈ విషయంలో చెప్పగలిగింది తక్కువ. తెలుగు సినిమా తొలి దశాబ్దాల దర్శకులలో సి. పుల్లయ్య, పి. పుల్లయ్య అని ఇద్దరుండటం, వారిని ఇంటిపేరులోని తొలి అక్షరంతో వేరుచేయవలసి రావడం ఆ పేరు ఎంతగా వాడుకలో కలిసిపోయిందో చూపుతుంది. వేమారెడ్లకు తండ్రి పేరు చేసిన పనిని ఇక్కడ ఇంటిపేరు చేసింది.

సామాన్యత అన్నది ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది. కోటప్పకొండ చుట్టూ కోటయ్య, కోటేశ్వరరావు. పెంచలకోన ఛాయలో పెంచలయ్య. సింహాచలం పరిసరాల అప్పన్న. యాదగిరిగుట్ట వైపు యాదయ్య, యాదగిరి. జాన్‌పహాడ్ దర్గా ప్రభావమున్న పల్లెల్లో సైదులు అన్న పేరు హిందువుల ఇళ్లలోనూ వినిపిస్తుంది. ఒక క్షేత్రానికి నాలుగు ఆమడల లోపల వీధికొకటిగా ఉన్న పేరు, ఆ ఎల్ల దాటితే అపురూపమవుతుంది. 1946 జూలై 4న కడవెండిలో తుపాకి గుండ్లకు బలైన దొడ్డి కొమరయ్య పేరులో కొమురవెల్లి మల్లన్న, పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరులో ఐనవోలు మల్లన్న ధ్వనించడం ఆ ప్రాంతపు భక్తి భూగోళాన్ని ఎరిగినవారికి వింతగా తోచదు. రాష్ట్రం మొత్తాన్ని ఒక్క రాశిగా పోసి లెక్కిస్తే ఈ భేదం మాయమవుతుంది.

ఇక లెక్కించడమే ఒక సమస్య. వెంకయ్య, వెంకన్న, వెంకటప్ప, వెంకటేశ్వర్లు, వెంకటరావు ఒక పేరా, ఐదు పేర్లా? ప్రకృతిని మాత్రమే తీసుకుంటే ఒకటి, చివరి పదాన్ని కూడా కలిపితే ఐదు. ఆ చివరి పదమే తరచు కులాన్నీ అంతస్తునూ మోస్తుంది. కాకతీయ యుగపు శాసనాలను విశ్లేషించిన సింథియా టాల్బట్ తన 2001 నాటి గ్రంథంలో పేరు చివరి నాయక, రెడ్డి, సెట్టి వంటి పదాల మీద ప్రత్యేకంగా దృష్టి నిలపడం ఇందుకే మార్గదర్శకం. ఆనాటి 'రెడ్డి'ని నేటి కులనామంగా చదవరాదన్న హెచ్చరికా అందులో ఉంది. ఆధునిక కాలానికి వస్తే ఈ భేదం మరింత కటువైనది. ఒకే రామ శబ్దం ఒక ఇంట రామయ్యగారు, ఇంకొక ఇంట రాముడు, వెట్టి చేసే వాడలో దొర నోట రామిగాడు. పత్రం రాసినవాడు ఏ రూపాన్ని నమోదు చేశాడో ఆ రూపమే మనకు దక్కింది. తల్లి ఆ బిడ్డను ఏమని పిలిచిందో పత్రం చెప్పదు. మూడింటినీ 'రామ' అన్న ఒకే పద్దులో వేస్తే ఆ పేరు అన్ని వాడల్లో సమానంగా వ్యాపించిందన్న భ్రమ మిగులుతుంది; విడివిడిగా వేస్తే రాసినవాడి అహంకారాన్ని పిలుపుగా అంగీకరించినట్టవుతుంది. రెండు పద్దులూ పక్కపక్కనే ఉంచడం తప్ప నాకు వేరే దారి తోచలేదు.

తాత పేరును పాఠశాల పట్టికకు ఎక్కించకుండా ముద్దుపేరుగా ఇంటికే పరిమితం చేసే పద్ధతి బలపడిన కొద్దీ పెంటయ్య, తవిటయ్య వంటి పేర్లు కొత్త తరంలో రావడం తగ్గిపోతూ వచ్చింది. ఆ పేర్లతో ఉన్నవారు ఇప్పుడు ఎక్కువగా వృద్ధులే. తమకు ఆ పేరు ఎందుకు పెట్టారో, అది తమకు ముందు పోయిన అన్నల వల్ల వచ్చిందో, తాత వల్ల వచ్చిందో చెప్పగలిగినవారు వారిలోనే ఉన్నారు.