రెడ్డికి ప్రాస

నేను ప్రాస నేర్చుకున్నది సీసం దగ్గర. సీసపద్యం కాదు, అచ్చక్షరాల సీసం. 1970లలో కోవూరు నుంచి పెన్న వంతెన మీదుగా సైకిలు తొక్కుకుంటూ నెల్లూరు పోయి, ట్రంకురోడ్డు పక్క సందులో ఒక ప్రెస్సులో కంపోజింగు చేసేవాణ్ణి. మాఘం, వైశాఖం వచ్చాయంటే శుభలేఖల వెనకే పంచరత్నాలు వచ్చేవి. ఈ కాలం పిల్లలకు పంచరత్నాలంటే త్యాగరాజు గుర్తొస్తాడేమో. మాకు మాత్రం పెళ్లిపద్యాలు. బడి తెలుగు అయివారో, బంధువుల్లో పద్యం పట్టుబడిన పెద్దమనిషో వధూవరుల మీద ఐదు పద్యాలు రాసి, గులాబిరంగు కాగితం మీద అచ్చేయించి, తలంబ్రాలయ్యాక లేచి రాగం తీసి చదివేవాడు. ముందు వరసలోవాళ్లు తల ఊపేవాళ్లు. వెనక వరసలోవాళ్లు ఆ కాగితంతోనే విసురుకునేవాళ్లు.

ఆ ఐదు పద్యాల్లో వధూవరుల పేర్లు రావాలి. చిక్కంతా అక్కడే. వృత్తమైనా కందమైనా ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. మొదటి పాదం ‘లక్ష్మి’ అని ఎత్తుకున్నావంటే తక్కిన మూడు పాదాలూ ‘క్ష్మ’కు కట్టుబడాలి. తెలుగులో ఆ హల్లున్న మాటలెన్ని? వేళ్ల మీద లెక్కపెట్టెయ్యొచ్చు. సూక్ష్మం ఉంది. పక్ష్మం ఉంది, అంటే కంటిరెప్ప వెంట్రుక. యక్ష్మ ఉంది, అంటే క్షయ. పెళ్లిపందిట్లో క్షయరోగం చదవలేం కదా! మా దగ్గరికొచ్చే ఒక అయివారితో, “లక్ష్మణుడున్నాడు గదా అయ్యోరూ” అని నేను తెలివి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసి, “పెళ్లాన్ని పద్నాలుగేళ్లు ఇంట్లో వదిలేసి పోయినాయన్ని పెండ్లికి పిలుస్తావా రా అబ్బయా?” అన్నాడు. చివరికి ఒక పాదంలో లక్ష్మి అంటే అమ్మాయి, ఇంకో పాదంలో లక్ష్మి అంటే సంపద అని సర్ది, సూక్ష్మబుద్ధితో, పక్ష్మాలతో నాలుగు పాదాలూ పూడ్చుకున్నాడు. పేరును పాదం నడుమకు నెట్టేస్తే ఈ తంటా లేదు, అక్కడ రెండో అక్షరాన్ని ఎవరూ అడగరు. ఆయన దాన్ని దొడ్డిదారి అనేవాడు.

ఆ పద్యాన్ని కంపోజు చేసింది నేనే. అంతకుముందు రోజు పాత ఫారం విప్పి అక్షరాలను కేసులో వేసేటప్పుడు ‘ప’ గడిలోకి ‘య’ ఒకటి జారినట్టుంది. చేతివాటాన తీసి స్టిక్కులో పెట్టాను. ప్రూఫు చూసిన అయివారు పెద్దగా ఏమీ అనలేదు. కలం పెట్టి ఆ అక్షరం చుట్టూ సున్నా చుట్టి, “పిల్ల రెప్పలకు జబ్బు చేసింది, మందెయ్యి” అన్నాడు. తప్పు నాదే. ప్రాస మాత్రం చెడలేదు, అదే విడ్డూరం! మొదటి అక్షరం ఏదైనా దానికి పట్టదు. రెండోది కుదిరితే చాలు, అర్థం ఎటు పోయినా అడ్డుపడదు.

సంస్కృత వృత్తాలకు ఈ నియమం లేదు. మనవాళ్లు అవే వృత్తాలు తెచ్చుకుని యతి, ప్రాస తగిలించుకున్నారు. కన్నడంలోనూ ద్వితీయాక్షర ప్రాసే. తమిళంలో దీన్ని ఎదుగై అంటారు. దక్షిణాది చెవి మొదటినుంచీ పాదం తలకట్టు మీదే ఉందని నా అనుమానం. ఆటవెలదికీ తేటగీతికీ సీసానికీ ఈ కట్టు లేదు, పైపెచ్చు యతి కుదరనప్పుడు ప్రాసయతి వేసుకోవచ్చు. అందుకే తొందర పెళ్లిళ్లకు తేటగీతులు ఎక్కువ పడేవి. ద్విపదకు ప్రాస వదిలేస్తే మంజరి అని పేరు పెట్టి ఊరుకున్నారు.

మా కోవూరు పక్కన పాటూరు ఉంది. తిక్కనది మా పాటూరేనని ఇక్కడ అందరం చెప్పుకుంటాం. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉండి, విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు తెలుగు చేసినాయన. ఆయన చెబుతుంటే గురునాథుడు రాసేవాడట. ఒకచోట పద్యం చివర మాట తట్టక, ఇప్పుడేం చెప్పేది గురునాథా అన్నట్టు తిక్కన విసుక్కుంటే, ఆయన అదీ రాసేశాడట. చూస్తే పద్యం పూర్తయి ఉంది! ధృతరాష్ట్రుణ్ణి ‘కురునాథా’ అని పిలవాల్సిన చోటు అది. ముందు మాట చివర ద్రుతముంటే ‘క’ సరళమై ‘గ’ అవుతుంది కాబట్టి గురునాథుడే కురునాథుడైపోయాడు. జరిగిందో లేదో గానీ, ఈ కథ పుట్టించినవాడికి చెవి ఉంది. మాట వెతికితే దొరకదు, నోట్లో ఆడితే దొరుకుతుందని వాడికి తెలుసు.

నిఘంటువు ఈ పనికి కొరగాదు. 1885 నాటి శబ్దరత్నాకరమైనా మొదటి అక్షరం వరసలోనే ఉంటుంది. మనకు కావలసింది రెండోది. మా అయివారు క నుంచి క్ష దాకా ప్రతి అక్షరాన్నీ ముందు తగిలించి పెదాలు కదుపుతూ పోయేవాడు: కబ్బ, గబ్బ, దబ్బ, మబ్బ... తగిలిన చోట ఆగేవాడు. ఇంగ్లీషువాళ్లకు ప్రాస మాట చివర ఉంటుంది కాబట్టి జాన్ వాకర్ 1775లోనే తోకల వరసన పదకోశం వేశాడు.

కుదిరీ కుదరని ప్రాసల లెక్కలు మనవాళ్లూ తేల్చారు. 17వ శతాబ్దపు అప్పకవిని చదివితే, వీటి మీద పంచాయతీలు ఎంత జరిగాయో తెలుస్తుంది. లకూ ళకూ చెల్లుతుంది. రకూ బండి ఱకూ చెల్లదు, దానికి ప్రాసవైరమని పేరు. మా నెల్లూరోళ్ల నోట్లో ఆ రెండు అక్షరాలూ ఎప్పుడో ఒకటయ్యాయి. చెవికి తెలియని వైరాన్ని కంటితో ఎన్నాళ్లు పాటిస్తాం?

సినిమా పాట వచ్చి ప్రాసను తల నుంచి తోకకు మార్చింది. తోకలు పాతకాలంలో లేవని కాదు, తప్పనిసరి కాదు. ఆరుద్ర కూనలమ్మ పదాల్లో మూడు పాదాలకూ ఒకే తోక, తర్వాత కూనలమ్మకు పిలుపు. అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న మంగళంపాడులో 1921లో పుట్టిన ఆత్రేయ మాట్లాడినట్టే రాసి, ప్రాస పడిందన్న సంగతే తెలియనిచ్చేవాడు కాదు. నాకాయన మీదే మోజు. నెల్లూరు వెన్నెలకంటికి మరీ కష్టమైన పని తగిలింది. డబ్బింగు పాటలో తెర మీద పెదాలు కలిస్తే ప, బ, మ ఏదో ఒకటి పడి తీరాలి. అది కంటికి ప్రాస అనుకోండి.

తలప్రాసకూ తోకప్రాసకూ ఉన్న తేడా నాకు తెలిసొచ్చింది ఒక సర్పంచి ఎన్నికలో. ప్రెస్సులో ఆఫ్‌సెట్ వచ్చి చేతిపని పోయాక, సినిమా వరసల్లో ఎన్నికల పాటలు కట్టేవాణ్ణి. ఆ పల్లెలో రెండు పక్షాలూ రెడ్లే. మావాడి పాటను పాత పద్ధతిలో తలప్రాసతో మొదలుపెడితే మాటలు ఎదురొచ్చాయి: బిడ్డ, గడ్డ, ఒడ్డు, దొడ్డ మనసు, అడ్డు లేదు. హల్లు ఒక్కటి కలిస్తే చాలు గదా. చరణం చివరికి వచ్చి ‘రెడ్డి’ అని ఆపేసరికి గొంతులో వెలక్కాయ పడింది. తోకకు అచ్చు కూడా కలవాలి. వడ్డి, గడ్డి, గుడ్డి, చెడ్డీ. ఏది పెట్టినా ఓట్లు పోతాయి. రాత్రంతా కూర్చుని, తెల్లవారుజామున అన్నీ కొట్టేసి ‘రెడ్డన్న’ అని మార్చాను. అన్న అనగానే మిన్న, వెన్న, మొన్న, మనకన్న, అన్నీ వచ్చి వాలాయి. ఎన్నికల పాటలన్నిట్లో అందరూ అన్నలెందుకవుతారో ఆ రోజు తెలిసింది.

నేను కొట్టేసిన కాగితం కొట్టు అరుగు మీదే మర్చిపోయినట్టున్నాను. మర్నాడు సాయంత్రం ఎదుటిపక్షం జీపు వచ్చింది. మైకులో వాళ్లవాడు అన్న, మావాడు ఉత్త రెడ్డి. వడ్డి, గడ్డి, గుడ్డి వరసగా మోగుతున్నాయి. చెడ్డీ కూడా వదల్లేదు. మావాళ్లు రాళ్లు పట్టుకుంటుంటే నేను అరుగు మీద కూర్చుని చివరిదాకా విన్నాను. ఎక్కడా ప్రాస తప్పలేదు.